తొట్టి ఎత్తు

“కుళాయి కట్టెయ్, రికార్డింగ్ మొదలెడుతున్నా,” అని గదిలోంచి భర్త గొంతు వినిపించగానే ఆమె సబ్బు చేతులతోనే కుళాయి కట్టేసింది. సగం తోమిన గిన్నెలు సింకులో అలాగే ఉండిపోయాయి. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఆ ఇంట్లో చప్పుడు కాకూడదు. కుక్కర్ పెట్టకూడదు, బట్టల మెషిన్ వెయ్యకూడదు, అత్తగారు టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు మాత్రం చూసుకోవాలి. కూతురు హాస్టల్‌కి వెళ్లాక ఖాళీ అయిన గదిలో భర్త ఒక లైటూ ఒక మైకూ పెట్టుకుని, ఇంకా మార్కెట్‌లోకి రాని ఎలక్ట్రిక్ పికప్ బండ్ల గురించి లోకానికి చెబుతుంటాడు. పగలు వాహనాల బీమా ఆఫీసులో గుమస్తా. సాయంత్రానికి లక్షమంది చూసే చానల్‌కి యజమాని. చూసేవాళ్లు ముద్దుగా ‘రేంజ్ బాబాయ్’ అంటారు. రాబోయే బండి ముక్కు ఎలా ఉంటుంది, ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం పోతుంది, అయిదొందల కిలోమీటర్లా ఆరొందలా, కంపెనీ వాళ్లే ఇంకా తేల్చుకోని సంగతులు కూడా ఆ గదిలో తేలిపోతుంటాయి.

ఆ గంటసేపు ఆమెకి కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున అయిదింటి నుంచి ఒక పని మీద ఇంకో పని పడుతూ వచ్చిన ఒళ్లు, ఒక్కసారిగా ఆగమంటే ఎలా ఆగుతుంది? ఆ ఇంట్లో నిజంగా పికప్ తోలేది ఆమె. మొక్కల నర్సరీలో పదకొండేళ్లుగా డెలివరీ పని. పాత డీజిల్ బండిలో మట్టి బస్తాలూ సిమెంటు కుండీలూ మనిషెత్తు మొక్కలూ ఎక్కించి, ఇళ్లకీ ఆఫీసులకీ దించి రావాలి. బండి గురించి అంత మాట్లాడే భర్త ఆ బండిని మాత్రం ‘మొక్కల డబ్బా’ అనేవాడు. స్నేహితులెవరైనా వస్తే, “ఏదో కాలక్షేపానికి వెళ్తుంది,” అనేవాడు. కాలక్షేపానికి వెళ్లి వచ్చిన నడుముకి వేణ్ణీళ్ల కాపడం పెట్టుకుంటూ ఆమె ఆ మాట వినేది.

పెళ్లికి ముందు ఆమె డ్రాఫ్టింగ్ చదువుకుంది. బస్సులకి బాడీ కట్టే షెడ్డులో రెండేళ్లు నక్షాలు గీసింది. మగాళ్ల మధ్య ఏం ఉద్యోగమని అత్తగారు, ఇప్పుడేం తక్కువైందని భర్త, తలా ఒక మాట అంటే మానేసింది. మళ్లీ పనికి వెళ్లక తప్పని రోజు వచ్చేసరికి గీసే పనులన్నీ కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి. మిగిలింది స్టీరింగు. అయినా చేతికి గీత మీద ఆశ చావలేదు. ఒకరోజు భర్తే తలుపు సందులోంచి చూసి, “ఊరికే కూర్చున్నావుగా, రాబోయే బండి ఎలా ఉండొచ్చో ఒక బొమ్మ గీసిపెట్టు. పెన్సిల్‌కి చప్పుడుండదు,” అన్నాడు. అలా మొదలైంది.

మిగతా చానళ్లలో కనిపించే ఊహాచిత్రాలన్నీ ఒకే తీరుగా ఉండేవి. కండలు తిరిగిన ముక్కు, కత్తిలాంటి లైట్లు, యుద్ధానికి వెళ్తున్నట్టు చక్రాలు. ఆమె మాత్రం వెనక నుంచి గీయడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆమె బతుకంతా బండి వెనకే గడిచింది. బరువు ఎక్కించే తొట్టిని తన నడుము కన్నా కాస్త కిందికి దించింది. వెనక డోరు కిందికి వాలితే మనిషి దానికి అవతల నిలబడి వంగి బస్తా అందుకోవాలి, అందుకే డోరుని మధ్యకి చీల్చి కిటికీ రెక్కల్లా రెండు పక్కలకీ తెరిచింది. తొట్టి కింద బ్యాటరీ ఉంటే ఎత్తు పెరుగుతుంది కాబట్టి బ్యాటరీని సీట్ల కిందికి తోసేసింది. అక్కడ చోటు తక్కువ, బ్యాటరీ చిన్నదవుతుంది, దూరం తగ్గుతుంది. ఆ లెక్క కూడా కాగితం మూల రాసింది: ఖాళీగా మూడొందల యాభై, నిండు బరువుతో ఎండలో ఎత్తు ఎక్కితే రెండొందలు.

“రెండొందలంటే ఎవడు చూస్తాడు? రేంజ్ సంగతి నాకొదిలెయ్,” అని భర్త నవ్వాడు. కానీ ఆ వారం వేరే సరుకు లేక ఆ బొమ్మే పెట్టి, ఆ మాటలే తనవిగా చెప్పాడు. జనం ఎగబడి చూశారు. నిజంగా బరువు మోసేవాళ్లు, పళ్ల వ్యాపారులూ సామాను మార్చేవాళ్లూ, మా నొప్పి తెలిసిన మనిషివి బాబాయ్ అని రాశారు. ఆమె ఆ వ్యాఖ్యలన్నీ నర్సరీ గేటు దగ్గర, బండి ఆపుకుని, ఫోన్లో చదివింది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆ తర్వాత రెండేళ్లలో నలభై బొమ్మలు గీసింది. ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. అడగాలనిపించిన ప్రతిసారీ, అడిగితే ఆయన ముఖం ఎలా మారుతుందో ముందే కనిపించేది. ‘పేరు కోసమా చేస్తున్నావ్? మనింటి పనేగా?’ అంటాడు. మనింటి పని అన్న మాటలో గిన్నెలూ గీతలూ అన్నీ ఒకేసారి కొట్టుకుపోతాయి.

అలాంటప్పుడు ఒక బండ్ల కంపెనీ డిజైన్ విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త ఎలక్ట్రిక్ పికప్ పనిలో ఉన్నామనీ, ఆ బొమ్మలు గీసిన వ్యక్తితో మాట్లాడాలనీ. భర్త ఇంట్లో రెండు అడుగుల ఎత్తున నడిచాడు. మూడు సాయంత్రాలు రికార్డింగ్ మానేసి ఆమె చేత పాఠం చెప్పించుకున్నాడు. తొట్టి అంత కిందికి ఎందుకు, బ్యాటరీ అక్కడెందుకు, డోరు ఎలా చీలుతుంది. ఆమె కూరగాయలు తరుగుతూ చెప్పింది, అతను గోడకి ఆనుకుని అప్పజెప్పాడు. నేను గీశానని చెప్పొచ్చు కదా అని ఒకసారి ఆమె నోటిదాకా వచ్చింది. “చానల్ నా పేరు మీదుంది కదా, లేనిపోని గందరగోళం,” అని, ఆమె అడక్కుండానే అతను అన్నాడు.

వెళ్లేరోజు సంచి మోయడానికి ఆమెనీ రమ్మన్నాడు. పొడుగాటి గది, మధ్యలో పెద్ద బల్ల, గోడవారన గుడ్డ కప్పిన బండి నమూనా. డిజైన్ విభాగానికి పెద్ద ఒక ఆడమనిషి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, చొక్కా జేబులో నాలుగు పెన్సిళ్లు. ఆమె చూపు ఆ పెన్సిళ్ల దగ్గరే ఆగింది. భర్త అప్పజెప్పినదంతా బాగానే చెప్పాడు. అంతా విని ఆవిడ తెల్ల కాగితం అతని ముందుకి జరిపింది. డోరు చీలే చోట కీలు ఎలా కూర్చుంటుందో ఒక్కసారి గీసి చూపించమంది.

భర్త పెన్సిల్ పట్టుకున్నాడు, దించాడు. నిన్నటి నుంచి మణికట్టు నొప్పిగా ఉందన్నాడు. తను చెబుతుంటే తన భార్య గీస్తుందని, గోడవారన సంచితో కూర్చున్న ఆమెని పిలిచాడు. ఆమె వచ్చి నిలబడింది. అతను చెప్పింది చెప్పినట్టే గీసింది. కీలు బయటికి రావాలన్నాడు, బయటికి గీసింది. రెక్క వెనక్కి మడవాలన్నాడు, మడిచింది. పూర్తయ్యేసరికి ఆ రెక్క వెళ్లి వెనక లైటుని గుద్దుకుంటోంది. గదిలో అందరికీ అది కనిపించింది, అతనికి తప్ప.

పొట్టి జుట్టావిడ బొమ్మని చూడలేదు. ఆమె పెన్సిల్ పట్టుకున్న తీరు చూసింది.

“మీరైతే ఎలా గీస్తారు?” అంది.

అంత మామూలు ప్రశ్న ఆమెని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఏం వండావని అడిగారు, ఎప్పుడొస్తావని అడిగారు, ఇంకా కాలేదా అని రోజూ అడిగారు. పక్కనే భర్త ఉన్నాడు. ఇప్పుడు గీస్తే అతని పరువు పోతుంది. గీయకపోతే? గీయకపోతే ఏం పోతుందో తెలుసు, అది పోయి చాలాకాలమైంది. ఆమె కాగితం తిప్పి కీలుని లోపలికి పెట్టి గీసింది. గీత ఎక్కడా వణకలేదు.

“ముందువి కూడా నేనే గీశాను,” అంది.

మా ఆఫీసు కుర్రవాళ్లంతా అయిదొందల కిలోమీటర్లు కావాలంటుంటే మీరు దూరాన్ని ఎందుకు తగ్గించుకున్నారని ఆవిడ అడిగింది. ఆమె మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. “పదకొండేళ్లలో నేను రోజుకి నూట యాభై కిలోమీటర్లు దాటి ఎప్పుడూ తోలలేదండీ. కానీ రోజుకి ఎనభైసార్లు బరువు ఎత్తాను. దూరం పోవడం బండి చూసుకుంటుంది. ఎత్తడం నేనే ఎత్తాలి కదా.”

బయల్దేరేటప్పుడు ఆవిడ ఒక మాట అంది. మొదటి నమూనా బండిని నిజమైన బరువులతో ఆరు వారాలు తోలి, లోపాలు రాసి, మార్పులు గీసిపెట్టే మనిషి కావాలి. పరీక్షా మైదానం దూరం, అక్కడే ఉండాలి. ఆలోచించుకోమంది.

 ఇంటికొచ్చాక భర్త విరుచుకుపడ్డాడు. తన నోట్లో మట్టి కొట్టిందన్నాడు, ఇంటి గుట్టు బజారున పెట్టిందన్నాడు. ఆరు వారాలు ఇల్లెవరు చూస్తారని అత్తగారు అంది. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆమె నర్సరీకి వెళ్తూనే ఉంది. తప్పు చేశానేమో అనుకుంటూ కుండీలు దించింది, ఏం తప్పు చేశానని అనుకుంటూ మట్టి బస్తాలు ఎత్తింది. ఒకచోట ఇవ్వాల్సిన మొక్కలు ఇంకోచోట ఇచ్చి వెనక్కి వెళ్లింది. మధ్యలో ఒకరోజు అత్తగారు ఫోన్లో కొడుకు చానల్ తెరిచి, కళ్లజోడు సవరించుకుని, “ఈ బొమ్మలన్నీ నీవేనా? వాడివే అనుకున్నానే ఇన్నాళ్లూ,” అంది.  ఆ పూట కూరగాయలు తనే తరిగింది.

అయిదోరోజుకి భర్త ముఖం విచ్చుకుంది. ఆలోచించగా అతనికి ఒక దారి కనిపించింది. “వెళ్లు, తప్పకుండా వెళ్లు. రోజూ బండి ఎంత దూరం వచ్చిందో నాకొక్క మాట చెప్పు చాలు. ఇంక ఊహలతో పనేముంది? లోపలి కబురే దొరుకుతుంది మనకి,” అన్నాడు. కంపెనీ పంపిన కాగితంలో, చూసిందీ కొలిచిందీ బయటికి పొక్కకూడదని, కుటుంబంతో సహా ఎవరికీ చెప్పకూడదని రాసి ఉంది. ఆమె ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించింది. అతను తేలిగ్గా నవ్వేశాడు. “ఇవన్నీ ఊరికే రాస్తారు. మొగుడూ పెళ్లాల మధ్య రహస్యాలేంటి?”

ఆమె సంతకం చేసింది. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి ఎంత కాలమైందోనని చూసుకుంది. ఎందుకు సంతోషంగా సంతకం పెట్టిందో అతనికి అర్థమైనట్టు లేదు. వెళ్లనిచ్చాను కాబట్టే అనుకున్నాడు.

పరీక్షా మైదానంలో మొదటి వారం గడిచింది. ఇసుక బస్తాలు ఎక్కించి, ఎత్తు రోడ్డు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, బండి ఆగిపోయేదాకా తోలింది. తొట్టి తను గీసిన ఎత్తుకే ఉంది. వారం తిరిగేసరికి నడుము నొప్పెట్టకపోవడం చూసి ఆమెకే వింతగా అనిపించింది. ఒక్క చార్జింగ్‌తో బండి ఎంత దూరం వస్తుందో ఆ అంకె తేలింది. ఆమె రాసుకున్న కాగితం మీద, ఆమె చేతిరాతలో, కిలోమీటరుతో సహా.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ మోగింది. ఇంటి దగ్గర అన్నీ బాగున్నాయన్నాడు భర్త. అమ్మా తనూ కలిసి ఏదో వండుకుంటున్నామన్నాడు. సాయంత్రం పెద్ద వీడియో పెడుతున్నాననీ, జనమంతా కాచుకుని ఉన్నారనీ చెప్పి గొంతు తగ్గించాడు.

“ఇంతకీ ఎంత వచ్చింది?”

ఆమె తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. కాగితం ఒడిలో ఉంది. ఇన్నేళ్లూ ఆమెకి తెలిసిన ప్రతిదీ, చెప్పగానే అతనికి తెలిసినది అయిపోయేది.

“ఇంకా తెలియలేదా?” అన్నాడు అటు నుంచి.

“తెలుసు,” అంది ఆమె. “చెప్పను.”