నలభై జతలు, ఒకటే కొలత

పొద్దున్నే అంగుళాలక్క మెడలో టేపు వేసుకుని కుట్టుకొట్టు షట్టర్ ఎత్తేది. అది సగంలో ఇరుక్కునేది. ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయన వచ్చి ఒక్క తన్ను తంతే మిగతా సగం లేచేది. ఆయనకి వీధిలో ఉన్న మంచిపేరంతా ఆ తన్నుదే. ఇస్త్రీ సంగతికొస్తే, అందరి చొక్కాలూ సమానంగా కాల్చేవాడు.

అక్క లెక్కంతా అంగుళాల్లోనే. పన్నెండు అంగుళాలు అడుగు, మూడడుగులు గజం. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా చంక పట్టేస్తుంది. ఈ చదువంతా చెల్లెల్ని పదిహేనేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. టేపుకి రెండోవైపు సెంటీమీటర్లుంటాయి. దూరపు చుట్టాల్లాగా అవి ఉన్నాయని అక్కకి తెలుసు, పలకరించదు.

ఇంతలో బస్సు కంపెనీవాళ్లకి కండక్టర్ల యూనిఫారాలు నలభై జతలు కావాల్సొచ్చాయి. ఆ పని వస్తే కొట్టు నిలబడుతుంది, రాకపోతే మూతే. కంపెనీ కాగితాల్లో మాత్రం అన్నీ సెంటీమీటర్లు.

"నువ్వు రాకక్కా. అంగుళానికి రెండున్నర సెంటీమీటర్లు, పైన ఓ పిసరు. ఆ పిసరు దగ్గర నువ్వు తగాదాకి దిగుతావు. నేను మాట్లాడొస్తాగా," అంది చెల్లెలు.

"వెళ్లిరా తల్లీ. టేపు మెడలో వేసుకెళ్లు, పనిమంతురాల్లా కనిపిస్తావు," అని అక్క తన మెడలోది తీసి వేసింది.

మూడు రోజులు "ఇంకా ఏం తేల్చలేదక్కా" అంది చెల్లెలు. నాలుగో రోజు బస్టాండు వెనక చెల్లెలి పేరుతో కొత్త కుట్టుకొట్టు బోర్డు లేచింది. అక్కకి చెప్పాలా వద్దా అని వీధంతా తర్జనభర్జన పడి, ఎవరికి వాళ్లు విడివిడిగా వెళ్లి చెప్పొచ్చారు.

అక్క తిన్నగా కంపెనీకి వెళ్లింది. మేనేజర్ మర్యాదకి కుర్చీలోంచి లేవబోయి, రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాడు.

"మీ చెల్లెలే చెప్పిందమ్మా. అక్కకి చూపు ఆనడం లేదు, ఆవిడకిస్తే మీ గుడ్డ దండగ అని."

అక్క చూపుకి ఏ లోపమూ లేదు. మేనేజర్ కాలర్ పావంగుళం వంకరని గుమ్మంలోంచే చూసింది. చెప్పలేదు. కొట్టుకొచ్చి చెల్లెలి స్టూలు మీద కూర్చుంది. ఆ రోజు మిషన్ తొక్కలేదు. నెలాఖరుకి షట్టర్ దించేసింది. దించడానికి ఎవరి తన్నూ అవసరం పడలేదు.

చెల్లెలు కుట్టిన యూనిఫారాలు వచ్చాయి. పొడుగు కండక్టర్ తొడుక్కుంటే ప్యాంటు పిక్కల దగ్గరే ఆగింది. బక్క కండక్టర్ తొడుక్కుంటే, లోపల మనిషున్నాడని దగ్గు వినిపించాకే తెలిసింది. కొలిచేటప్పుడు అంకెలు సరిగ్గానే కనపడ్డాయి. కత్తిరించి కుట్టేసరికి నలభై జతలూ అంగుళాలక్క కొలతే. చెల్లెలు విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ అక్క కొలతే వచ్చింది.

"అక్క వాడిన టేపు కదా, మనిషికి అలవాటు పడుంటుంది," అని ఇస్త్రీ ఆయన ఇంకో చొక్కా కాలుస్తూ తేల్చేశాడు. ఎవరూ కాదనలేదు.

మేనేజర్‌కీ అంతకన్నా దారి తోచలేదు. "నలభై జతలున్నాయి, పట్టే మనిషి ఒక్కతే ఉంది. ఆవిడనే కండక్టర్‌గా పిలవండి," అన్నాడు.

అక్క ఉద్యోగంలో చేరే ముందురోజు చెల్లెలు టేపు పట్టుకుని వచ్చింది.

"అక్కా, నువ్వైనా చెప్పు దీనికి. నా మాట వినట్లేదు."

"నాకు చూపు లేదని ఊరికి చెప్పావు. నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

చెల్లెలు టేపు అక్క చేతిలో పెట్టబోయింది.

"నువ్వే ఉంచుకో. అందులో నేను తప్ప ఇంకెవరూ లేరు. నాకు నేనెందుకు?" అని అక్క తలుపేసుకుంది.

ఇప్పుడు ఆరింటి బస్సులో అంగుళాలక్కే టికెట్లు కొడుతుంది. యూనిఫారం ఒంటికి అతికినట్టుంటుంది. కుట్టు చూస్తే అక్క నేర్పిన చదువు ఎక్కడికీ పోలేదని ఎవరికైనా తెలుస్తుంది. మొన్న గుండీ ఊడితే, ముందు సీటావిడ సంచిలోంచి సూదీ దారం తీసి ఇవ్వబోయింది.

"నాకు కుట్టడం రాదండీ," అంది అక్క.

మర్నాడు కొత్త జత తొడుక్కొచ్చింది.