చేతికి తెలిసిన గేర్లు

మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు మా ఆయనకి ఖండితంగా చెప్పాడు, ఇక ఎడమ కాలితో క్లచ్ తొక్కకూడదని. పక్క పొలం రైతు పరామర్శకని వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే పొలం కౌలుకివ్వమన్నాడు. ఈయన ‘సరే’ అనేలా ఉన్నాడని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

“ట్రాక్టర్ నేను నడుపుతా. దుక్కి నేనే దున్నుతా,” అన్నాను.

పక్క పొలం ఆయన మర్యాదగా దగ్గాడు. మా ఆయన, “విత్తనాల నాటికి తేల్చుకుందాంలే,” అని నాన్చాడు.

ఇరవై ఏళ్ళుగా మా ఆయన తప్ప ఇంకెవరూ ఎక్కని బండి అది. రేడియేటర్ కారుతోంది, మడ్‌గార్డులు తుప్పుపట్టి జల్లెడలయ్యాయి. మెకానిక్ బాబాయికి కబురు పెట్టాను. ఆయన నాకు చుట్టమేమీ కాదు, బండి ఉన్నవాళ్ళందరికీ బాబాయే.

“బాబాయ్, నాకు అందచందాలు అక్కర్లేదు. రోజూ పొద్దున్నే తాళం తిప్పితే లేవాలి. నా కాలికి క్లచ్ అందాలి.”

“అంతేగా అమ్మాయ్!” అని ఆయన రేడియేటర్‌కి మాటు వేసి, క్లచ్ ప్లేట్లు మార్చి, సీటు రెండంగుళాలు ముందుకి జరిపి బిగించాడు.

అందచందాల సంగతి మా ఆయన చూసుకున్నాడు. కాలు స్టూలు మీద చాపుకుని, విప్పిన బానెట్టు ఒళ్ళో పెట్టుకుని, గరుకు కాగితంతో తుప్పు గీకేవాడు. సొట్టలు తీసి, ప్రైమర్ కొట్టి, మూడు పూతలు నీలం రంగు వేశాడు. ఆపరేషన్ తర్వాత ఆయన ఈల వేయగా వినడం అదే మొదలు. పెళ్ళినాడు కూడా నన్నంత శ్రద్ధగా చూడలేదు, ఒట్టు.

అన్నీ బిగించాక సీటెక్కాను. ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది. గేరు రాడ్ పట్టుకుని చూస్తే, పక్కన ఉండాల్సిన గేర్ల బొమ్మ లేదు. అంతా నున్నగా, నీలంగా ఉంది.

“ఏవండీ, వెనక్కి ఎటు?”

“ఆ బొమ్మెప్పుడో అరిగిపోయిందే. సాపు చేసి రంగేశా.”

“సరే, వెనక్కి ఎటు?”

“అది... చెయ్యేస్తే తెలుస్తుంది.”

“నా చేతికి తెలీదు కదా!”

నాకు ఒళ్ళు మండింది. నన్ను నడపనివ్వకుండా ఆడుతున్న నాటకం అనుకున్నాను. ఒకటో గేరనుకుని ఏదో వేశాను. బండి వెనక్కి దూకి రంగు డబ్బా మీదికెక్కింది.

“పోన్లే, నేలక్కూడా ఓ పూత పడింది,” అన్నాడు పక్కనే పానాలు సర్దుకుంటున్న బాబాయి. బాగుచేయడమే తప్ప ఆయన ఈ బండిని ఏనాడూ నడపలేదు. మా ఆయన నవ్వలేదు. “నిజంగానే చెప్పలేకపోతున్నానే,” అన్నాడు. ఆ ముఖం చూస్తే నా కోపం దిగిపోయింది.

బాబాయి ఒక పైపు ముక్క తెచ్చి గేరు రాడ్‌లా ఆయన మోకాళ్ళ మధ్య నిలబెట్టాడు. “అల్లుడూ, కళ్ళు మూసుకో. పొలంలో ఉన్నాననుకుని నడుపు.”

మా ఆయన కళ్ళు మూసుకుని, నోటితో ‘డుబడుబడుబ’ అని ఇంజన్ చప్పుడు కూడా చేశాడు. చెయ్యి దానంతటదే కదిలింది. “ఇది దుక్కి... ఇది రోడ్డు... ఇదిగో, ఇదే వెనక్కి!” నేను తెల్లరంగులో కుంచె ముంచి, ఏది ఎటో మడ్‌గార్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసేశాను.

ఆయన కళ్ళు తెరిచి లబలబలాడాడు. “మూడు పూతలేశానే!”

“నాకు చదువొచ్చు. వాడుకుంటా.”

వారం రోజులు పెరట్లోనే ముందుకీ వెనక్కీ తిరిగాను. ఆ తర్వాత పొలంలో దిగాను. మా ఆయన చేతికర్రతో గట్టు మీద నిలబడ్డాడు. ఆయన చాలు తీస్తే దారం పట్టినట్టుండేది. నాది పాము పాకినట్టు వచ్చింది. అటు చివర తిప్పుకుని ఇటు వచ్చేసరికి పక్క పొలం ఆయన కూడా అక్కడే ఉన్నాడు.

“ఇలా దున్నితే ఎలాగండీ? కౌలు మాట తేల్చండి,” అంటున్నాడు.

మా ఆయన ఏమంటాడో వినాలని ఇంజన్ చప్పుడు తగ్గించాను.

మా ఆయన ఆ వంకర చాలుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు. “నా మొదటి చాలు ఇంతకంటే వంకర. మా నాన్న నన్ను దింపేసి, దాన్ని చెరిపి తనే మళ్ళీ దున్నాడు. ఏడాది దాకా నన్ను ఎక్కనివ్వలేదు,” అన్నాడు. “నేను ఆ పని చెయ్యను. కౌలు మాట వదిలెయ్యండి.”

తర్వాత నాకేసి తిరిగి కర్ర ఊపాడు.

“ఏమే, ఆగావేం? ఇంకా రెండెకరాలుంది.”