ఆఖరి ట్యూనింగు మామయ్యదే

కారులో పాట ఆగిపోతే చాలు, "ఆంప్ పోయిందండీ" అంటూ వస్తారు మా షాపుకి. స్పీకర్లకి బలమిస్తూ సీటు కింద తన మానాన తను పడి ఉన్న ఆ నల్లపెట్టె మీదకే నేరం తోసేస్తారు. మా మామగారు మాత్రం ఆ మాట ఒప్పుకోరు. "ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. ముందు కరెంటు చూడు, తర్వాత ఎర్త్ చూడు, ఆ తర్వాత స్పీకర్లు చూడు. అన్నీ బాగుంటేనే ఆంప్‌ని అను" అని పని నేర్పిన మొదటిరోజే నాకు చెప్పారు. కొత్త కోడలిగా నేను నేర్చుకున్న మొదటి పాఠం వంటింట్లోది కాదు, ఇదే.

మా షాపులో ఎవరి పని వాళ్ళది. మా ఆయన కౌంటర్లో కూర్చుంటాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వైరింగూ రిపేర్లూ నావి. కరెంటు కొలిచే మీటరు చేతిలో ఉంటే నాకు ఎవరన్నా జంకు లేదు. నోరు కూడా కాస్త పెద్దదే, ఆ సంగతి వీధంతా ఒప్పుకుంటుంది. ఆఖరి ట్యూనింగు మాత్రం మామయ్యది. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక పాట విని, స్క్రూలు కాస్త అటూ ఇటూ తిప్పి "ఊఁ, తీసుకెళ్ళండి" అనందే ఏ బండీ బయటికి పోదు. ఆ "ఊఁ" కోసం ఊరి అవతలి కొస నుంచి కూడా వస్తారు. మా షాపుకి బోర్డు కంటే ఆయన చెవికే పేరెక్కువ.

అలాంటిది, పళ్ళ డాక్టరుగారి బండి మూడోసారి తిరిగొచ్చింది.

డాక్టరుగారు మంచి మనిషి. పగలంతా తన డ్రిల్లు మోత తనే విని, ఇంటికెళ్ళే దారిలో పాట లేకపోతే పిచ్చెక్కుతుందంటారు. "కాసేపు పాడి ఎర్రలైటు వెలిగి ఆగిపోతోందమ్మా. చల్లారాక మళ్ళీ పాడుతుంది" అన్నారు. ఆగి, "ఈసారీ కుదరకపోతే ఏమీ అనుకోకండి, ఇంకోచోట చూపించుకుంటాను" అన్నారు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. మెత్తగా అనేసరికి ఒళ్ళు మండింది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేను బండితో కిందా మీదా పడ్డాను. ఎర్రలైటు వెలిగిందంటే ఆంప్ ప్రాణం దక్కించుకోవడానికి తలుపేసుకుందని అర్థం. ఎందుకు వేసుకుందో మనం కనుక్కోవాలి. ఇంజను ఆన్ చేసి ఆంప్ దగ్గర మీటరు పెట్టాను, కరెంటు నిలకడగా ఉంది. ఎర్త్ బోల్టు విప్పి చూశాను, కింద రంగు పొర లేదు, రేకు తళతళలాడుతోంది. స్పీకరు వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాను, ఎక్కడా ఒరుసుకుపోలేదు, ఒకదానికొకటి తగల్లేదు. గాలి ఆడటానికి చోటూ ఉంది. నా పనిలో వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు.

ఆఖరికి గెయిన్ స్క్రూ చూశాను. కిందటిసారి నేను సగానికి కాస్త ఇవతలే పెట్టాను. ఇప్పుడది ఆ చివరికంటా తిరిగి ఉంది.

గెయిన్ అంటే సౌండు పెంచే మీట అనుకుంటారు చాలామంది. కాదు. ముందున్న స్టీరియో పంపేదానికీ, సీటు కింది ఆంప్ పుచ్చుకునేదానికీ పొత్తు కుదిర్చే స్క్రూ అది. మితిమీరి తిప్పితే పాట అంచులు తెగి గరగరమంటుంది, ఆంప్ ఉడికిపోతుంది. ఇది నాకు నేర్పింది మామయ్యే. నా తర్వాత ఆ స్క్రూ మీద చెయ్యి వేసేదీ మామయ్యే.

పాటలో పైస్వరాలు పెంచే ట్రెబుల్ చూశాను. అదీ నిండా ఉంది. మనసాగక, షాపు ముందు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మిగతా బళ్ళు కూడా చూశాను. తెల్ల వ్యానులోనూ అంతే, టాక్సీలోనూ అంతే.

కౌంటరు దగ్గరికెళ్ళి మా ఆయన చెవిలో ఊదాను. ఆయన నవ్వలేదు. "ఇంట్లో టీవీ కూడా నాన్న అలాగే పెడుతున్నారు. గోలగా ఉందని ఎవరైనా బండి తిప్పి తెస్తే నేనే కాస్త తగ్గించి పంపేస్తున్నా" అన్నాడు.

"మరి ఆయనకి చెప్పరేం?"

"నువ్వు చెప్పు. నోరుంది కదా."

పిల్లి మెడలో గంట కట్టే పని కోడలికి వచ్చిందన్నమాట. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ క్షణాన పెగల్లేదు. ఆడపిల్లని బండి కింద పడుకోబెడతావా అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నప్పుడు, తన మీటరు తీసి నా చేతిలో పెట్టిన మనిషి ఆయన. మీ చెవి పోతోంది మామయ్యా అంటే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? అనకపోతే షాపు దగ్గర ఏం మిగులుతుంది? నాకు నిజంగా భయమేసింది.

ఇంతలో మామయ్య టీ తాగి వచ్చారు. డాక్టరుగారికి నమస్కారం పెట్టి, అలవాటుగా డ్రైవరు సీట్లో కూర్చున్నారు.

"ఏం తేలిందమ్మాయ్?"

"ట్వీటర్లు మాడాయేమో చూద్దాం మామయ్యా. టోను పెడతాను, వినండి" అన్నాను. ఆ పరీక్ష పైస్వరాలు పలికే ఆ చిన్న స్పీకర్లకి కాదని నాకు తెలుసు.

ఫోను తగిలించాను. ఈల ఒకటి అడుగు స్వరం నుంచి మొదలై మెల్లగా పైపైకి పోతుంది, అంతే. మామయ్య కళ్ళు మూసుకున్నారు. "ఊఁ... బాగుంది... ఊఁ..." అంటున్నారు. ఈల పైకి పోయింది. ఇంకా పోయింది. తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరుగారు మొహం చిట్లించి రెండు చెవులూ మూసుకున్నారు. నా పళ్ళు జివ్వుమన్నాయి.

మామయ్య కళ్ళు మూసుకునే ఉన్నారు. "ఆపేశావేం?" అన్నారు.

నేను ఆపలేదు, ఈల ఇంకా మోగుతూనే ఉంది.

"సౌండు లేదు. రెండు ట్వీటర్లూ పోయాయి. మార్చెయ్" అని కళ్ళు తెరిచారు. ఎదురుగా చెవులు మూసుకున్న డాక్టరుగారు కనిపించారు. ఆయన్ని చూసి, నన్ను చూశారు. నేను టోను ఆపాను. డాక్టరుగారి చేతులు కిందికి దిగాయి.

"మళ్ళీ పెట్టు" అన్నారు మామయ్య.

పెట్టాను. డాక్టరుగారి చేతులు మళ్ళీ చెవుల మీదకి వెళ్ళాయి.

"తియ్యి."

తీశాను. మామయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నారు. తర్వాత రోజూ అడిగే గొంతుతోనే అడిగారు.

"కరెంటు చూశావా?"

"చూశాను మామయ్యా. బాగుంది."

"ఎర్త్?"

"బాగుంది."

"స్పీకర్లు?"

"అన్నీ బాగున్నాయి. ఆంప్ కూడా. గెయిన్ ఒక్కటే బాగా ఎక్కువుంది."

"ఎవరు పెంచారు?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన జవాబు కోసం ఆగలేదు. "అయితే వినలేక ట్వీటరు ఓడన్నది నేనే" అన్నారు.

బండి దిగారు. ఇంటికి వెళ్ళిపోతారనుకున్నాను. కౌంటర్లోంచి మా ఆయన లేచి నిలబడ్డాడు. మామయ్య మాత్రం బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకుని వెనక్కి వచ్చి, "ఎక్కు" అని నాకు డ్రైవరు సీటు చూపించారు.

"నేనా?"

"చెవి నీది, చెయ్యి నాది. పాట పెట్టు."

ఎక్కి కూర్చున్నాను. ఆయన తెరిచిన తలుపు పక్కన నేల మీద మోకాళ్ళు ఆనించి, నా సీటు కిందికి చెయ్యి పోనిచ్చారు. మామగారు కింద, నేను పైన. ఎంత గయ్యాళి కోడలికైనా అది కుదురుగా కూర్చోనిచ్చే సంగతి కాదు.

"మామయ్యా, మీరలా కింద..."

"వినేటప్పుడు మాట్లాడకూడదు. కళ్ళు మూసుకో. తెరిచుంటే బండి అందం వింటావు, పాట వినవు."

మూసుకున్నాను. పాట మొదట్లో గీరుకుపోతూ ఉంది. క్రమంగా గరుకు తగ్గింది. తర్వాత మరీ పలచబడింది, మళ్ళీ కాస్త చిక్కబడింది. నేను ఒక్క మాటా చెప్పడం లేదు, అయినా స్క్రూ ఎటు తిరగాలో అటే తిరుగుతోంది. ఎలాగో అర్థంకాక ఒక కన్ను తెరిచాను. ఆయన స్క్రూ వైపు చూడటం లేదు. నా మొహం చూస్తున్నారు. నా కనుబొమ్మ ముడిపడితే తగ్గిస్తున్నారు, విడితే ఆగుతున్నారు.

పాట గొంతు విప్పి హాయిగా పాడిన చోట ఆయన చెయ్యి ఆగింది. దిగి చూస్తే, స్క్రూ సగానికి కాస్త ఇవతల ఉంది. ట్రెబుల్ కూడా అలాగే సరిచేశాం.

డాక్టరుగారు అలవాటుగా మామయ్య వైపు చూశారు. మామయ్య నా వైపు చూశారు. ఎప్పుడూ లేనిది, నా గొంతు సన్నగా వచ్చింది. "ఊఁ, తీసుకెళ్ళండి" అన్నాను.

మామయ్య ప్యాంటు దులుపుకుంటూ, "డాక్టరుగారూ, చెవులు చూసేవాళ్ళు మీకెవరైనా తెలుసా?" అని అడిగారు.

"మా పక్క గదేనండీ."

"అయితే పదండి, ఇప్పుడే మీ బండిలోనే వస్తాను" అంటూ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

డాక్టరుగారు తాళం తిప్పుతూ అనుమానంగా అడిగారు. "దారిలో మళ్ళీ ఆగిపోతే?"

"ఆగదు. మా కోడలు ఊఁ అంది" అన్నారు మామయ్య.