కనబడకుండా పోయే ఇంటూ గుర్తు

కెమిస్ట్రీ మేడమ్‌కి ల్యాబులో పాత గాజుపాత్రలంటే ఒళ్లుమంట. రెండు ద్రావణాలు కలిపితే అవి మెల్లగా తెల్లబడి, పాత్ర కింద కాగితం మీద గీసిన ఇంటూ గుర్తును కమ్మేస్తాయి. అది ఎంతసేపటికి కనబడకుండా పోతుందో చూస్తే రసాయన చర్య వేగం తెలుస్తుంది. కానీ ఒక్కో పాత్రదీ ఒక్కో వెడల్పు, అడుగంతా ఎత్తుపల్లాలు. అందుకని ఒకరి లెక్క ఇంకొకరితో కలవదు. మేడమ్‌కైతే గుర్తు ఎప్పుడూ అందరికంటే ముందే మాయమవుతుంది.

ఆ ముందే అన్నదే ఆమె గుండెల్లో గుబులు. ఈమధ్య దీపం చుట్టూ కూడా మంచు కమ్మినట్టుంటోంది. చూపు తగ్గుతోందని తెలిస్తే యాసిడ్లుండే గదిలోకి ఎవరు రానిస్తారు? ల్యాబు లేకపోతే తను బతకలేదు. అందుకే నేరమంతా గాజు మీదకు నెట్టేసి, ఒకేలాంటి కొత్త పాత్రలు చేసిపెట్టమని, గాజు ఊది సామాన్లు చేసే తమ్ముడి ప్రాణం తీసింది. గాజుకి నోరుంటే ఏమనేదో!

"అక్కా, నీ పోరు పడలేను. ఇంతకంటే చదునుగా కావాలంటే ఆ దేవుడే దిగిరావాలి," అని విసుక్కుంటూనే వాడు చేసిపెట్టాడు. అన్నీ ఒకే వెడల్పు, ఒకే అడుగు.

ఆ రోజు క్లాసుకి తమ్ముడు కూడా తన పనితనం చూసుకుందామని వచ్చి మూల స్టూలు మీద కూర్చున్నాడు. అందరూ ఒకేసారి కలిపారు. మేడమ్ ఊపిరి బిగబట్టి తన పాత్రలోకి చూసింది. గుర్తు పోయింది. స్టాప్‌వాచ్ నొక్కి తలెత్తితే, ఇంకెవరూ నొక్కలేదు. అందరూ వంగి చూస్తూనే ఉన్నారు.

చాలాసేపటికి టకటకా, దాదాపు ఒక్కసారే, పిల్లలంతా నొక్కారు. తమ్ముడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. నిజమే, గాజులో ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆమె తన అంకెను బోర్డు మీద రాసింది.

బోర్డు మీద మేడమ్ అంకె చూసి ముందు బెంచీ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "మేమే ఆలస్యం చేశామేమో మేడమ్. కొట్టేసి మీది వేసుకుంటాం." అప్పటికే పెన్నులు లేచాయి.

నోరు మూసుకుంటే చాలు, ల్యాబు దక్కుతుంది. కానీ తాము కళ్లారా చూసినదాన్ని పిల్లలు తనకోసం కొట్టేస్తుంటే ఆమె ఊరుకోలేకపోయింది.

"కొట్టేయకండర్రా," అంది. "మీరు చూసిందే సరి. నాకే సరిగ్గా కనబడట్లేదు."

తమ్ముడు స్టూలు దిగాడు. "ఎన్నాళ్ల నుంచి అక్కా?"

ఆమె బోర్డు మీది తన అంకె అరచేత్తో తుడిచేసి, ఆ అమ్మాయికి చాక్‌పీసు అందించింది.

"నీది రాయమ్మా. కాస్త పెద్దగా రాయి, నాక్కూడా కనబడాలి."