ఫార్మాట్ కొట్టొద్దు

నేను ఒక కంప్యూటరును, అదీ ఒళ్ళు మండిపోతున్న కంప్యూటరును. ఏదో ఫ్యాక్టరీలో నా మరలు బిగించారు, ఒక ఇన్సూరెన్సు ఆఫీసు నన్ను అరగదీసి వదిలేసింది. చివరికి చీరాలలో శుభలేఖలు వేసే ఇందుమతి నన్ను సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. ఏటా దసరాకు బొట్టు పెడుతుంది. ఆమె మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా ఆమె తమ్ముడు ఫణి మీద.

వాడేదో కోర్సులో చేరి, నన్ను నడిపే విండోస్ పక్కనే, అలాగే నడిపే లినక్స్ అనే మరో కాపురం నాలో పెట్టించాడు. సరే, సర్దుకున్నాను. నన్ను ఆన్ చెయ్యగానే ముందు లేచేది బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాము. విండోసును లేపేది అదే. లినక్స్ వస్తూనే దాన్ని వెళ్ళగొట్టి తన మనిషిని, అంటే తన సొంత బూట్ లోడరును, వాకిట్లో కూర్చోబెట్టింది. ఇక ఇద్దరినీ లేపేది వాడే. కోర్సు అయిపోయాక ఫణి లినక్సును చెరిపేశాడు. వాకిట్లో కూర్చున్నవాడి తాళాలు కూడా ఆ లినక్స్ గదిలోనే ఉన్నాయని చూసుకోవద్దూ? మర్నాడు నా తెరంతా నలుపు, మూలన ఒక ఇంగ్లీషు ముక్క.

సరిగ్గా అప్పుడే నాలో సాంబశివరావు గారి అమ్మాయి శుభలేఖ ఉంది. ఏ తాతగారి పేరు పైన వెయ్యాలో, ఏ సైజులో వెయ్యాలో తేలక వియ్యంకులిద్దరూ అలిగి, పెళ్ళి తప్పిపోయేదాకా వెళ్ళి, ఎట్టకేలకు నా తెర ముందు కూర్చుని ఒప్పుకున్నారు. కాగితం మీద ఇంకా పడలేదు. మళ్ళీ టైపు చేసి చూపిస్తే గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.

షాపుకొచ్చిన ప్రతివాడూ ఒకటే మందు చెప్పాడు, ఫార్మాట్ కొట్టెయ్యమని, అంటే లోపలున్నదంతా తుడిచెయ్యమని. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే రకాలు! లోపల అన్నీ భద్రంగా ఉన్నాయిరా దద్దమ్మల్లారా, పోయింది వాకిలి ఒక్కటే అని అరుద్దామంటే నాకు నోరేది? ఫణి కూడా తలూపాడు. ఇందుమతి నా మీద చెయ్యి వేసి అడ్డంగా కూర్చుంది.

“ఫార్మాట్ మాటెత్తావంటే ఊరుకోను. నువ్వు తీసింది నువ్వే పెట్టు,” అంది.

ఫణి ఫోనులో నెట్టంతా వెతికాడు. విండోస్ డిస్కు పెట్టి, రిపేరులోకి వెళ్ళి, పాత బూట్ లోడరును మళ్ళీ రాసే ఆదేశం కొట్టాడు. ఇంతా చేసి ఒక్క లైను. విండోస్ లేచింది. శుభలేఖ అక్షరం చెదరకుండా ఉంది.

సంగతి తెలిసి వచ్చిన సాంబశివరావు గారు ఫణి భుజం తట్టి, కంప్యూటరును బతికించిన మొనగాడన్నారు. వాడు సిగ్గు లేకుండా నవ్వుతూ నిలబడ్డాడు. నా ఫ్యాను బుసకొట్టింది. ఇందుమతి ప్రింటు తీస్తూ తలెత్తకుండానే అంది:

“బతికించలేదు బాబాయ్ గారూ. వాడు చెడగొట్టిందే వాడు సరిచేశాడు, అంతే.”

నాకు నోరు లేదన్నాను కదా. ఆ పూట ఇందుమతి నోరే నా నోరు.