మాలతి కాగితం, నా కాగితం

పొద్దున్నే మాలతి మంచం దగ్గరికి జావ తీసుకెళ్ళడం నా పని. మాలతి నా తోడికోడలు. ఆరు నెలల కింద ఎండకు బుగ్గలు రెండూ ఎర్రగా కమిలి, వేళ్ళు వాచి, మూత్రంలో ప్రోటీన్ పోతోందని తేలింది. కర్నూలు డాక్టరు ఏఎన్ఏ అనే రక్తపరీక్ష కూడా చేయించి, లూపస్ అన్నాడు. ఒంటిని కాపాడాల్సినవే ఒంటి మీదికి తిరగబడే జబ్బట. ఆ రోజు నుంచి మా మరిది ఆమెను ఎండలోకి పోనివ్వడు. నా పురుడైన పదిహేనో రోజునే నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టిన మా అత్త జోగులమ్మ, మాలతికి తల దువ్వుతుంది.

నాకు కుళ్ళుగా ఉండేది. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ ఉండేది. ఆమె గదిలో పడుకుని ఉంటే, ఆమె వంతు నూలు కండెలు కూడా నేనే రాట్నం మీద చుట్టి, అన్నదమ్ముల రెండు మగ్గాలకూ అందించేదాన్ని. నా మణికట్లు నొచ్చేవి, పొద్దున లేస్తే మోకాళ్ళు పట్టేసేవి. "గింత పనికే ఏమైతది, బామ్ రాసుకో" అనేవాడు నా భర్త రాఘవేందర్. ఆమె నొప్పికి ఒక పేరుంది, దవాఖాన కాగితముంది. నా నొప్పికి ఏదీ లేదు. నాక్కూడా ఆ పరీక్ష చేయించమని పట్టుబట్టాను.

కర్నూలులో కాగితం చేతికొచ్చింది. పాజిటివ్. చెప్తే నమ్మరు, నాకు సంతోషమైంది. రాఘవేందర్ ఆ ఒక్క మాట చదివి, ముఖం పాలిపోయి, బీడీ కోసం బయటికి పోయాడు. డాక్టరు గదిలోకి నేనొక్కదాన్నే వెళ్ళాను.

"ఏ జబ్బూ లేనివాళ్ళకు కూడా ఇది పాజిటివ్ వస్తుందమ్మా, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. మీ అంకె ఒకటికి ఎనభై, చాలా తక్కువ. మాలతిది పన్నెండు వందల ఎనభై. అయినా ఆమెకు కూడా అంకె ఒక్కటే చూసి జబ్బనలేదు, ఒంట్లో కనిపించినవన్నీ కలిపి చూశాను. మీకు అవేవీ లేవు. నొప్పి నిజమే, పని వల్ల వచ్చింది. లూపస్ మాత్రం కాదు."

బస్సులో రాఘవేందర్ కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. "ఏమన్నడు?" అని మెల్లగా అడిగాడు.

"కాగితంల ఉన్నదే" అన్నాను.

మూడు రోజులు మాలతి పక్క మంచం మీద పడుకున్నాను. అత్త నాకూ జావ తెచ్చింది. నాలుగో రోజు రాట్నం చప్పుడుకు మెలకువ వచ్చింది. ఏడో తరగతి చదివే నా బిడ్డ సింధూజ, బడి బట్టలతోనే కూర్చుని కండెలు చుడుతోంది.

"ఇద్దరు కోడండ్లు మంచాన పడ్డరు, ఎవరో ఒగరు చుట్టాలె గద. ఆడపిల్ల నేర్సుకుంటే తప్పేంది?" అంది అత్త.

మాలతి నా వైపు తిరిగింది. "నీకు రోగం లేదని నాకెరికే అక్కా. బావికాడ నువ్వు నీళ్ళు తోడుతుంటే కిటికీలకెళ్ళి సూసి ఎంత ఏడ్సుకుంటనో నీకు తెల్వదు."

లేచాను. సింధూజ చేతిలోంచి నూలు తీసుకుని, బడికి పొమ్మన్నాను. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో కూర్చుని నేస్తున్న రాఘవేందర్ తల ఎత్తాడు. "నువ్వెందుకు లేసినవ్?"

"నాకు రోగం లేదు. డాక్టర్ ఆ దినమే చెప్పిండు."

"మరి ఇన్ని దినాలు పండుకున్నవ్?"

"అలసిపోయి పండుకున్న. ఇంక రోజూ పగటీలి జరసేపు పండుకుంట. గుంటలకెళ్ళి పైకి రా, కండెలెట్ల చుట్టాలో చూపిస్త."