వడగల్లును నాకినదెవరు?

గాలివాన వెలిసిన సాయంత్రం అక్క వాకిట్లో నిమ్మకాయంత వడగల్లును ఏరి, గిన్నెలో వేసి ఫ్రీజరులో దాచింది. సెలవుల తర్వాత బడిలో చూపించాలని ఆమె ఆశ. రోజులు గడిచేకొద్దీ అది ఉసిరికాయంత అయింది.

కరిగి ఉంటే గిన్నె అడుగున నీళ్ళో, అవి మళ్ళీ గడ్డకట్టిన పొరో కనిపించాలి. గిన్నె పొడిగా ఉంది. కరెంటు ఒక్కసారీ పోలేదు. కనుక ఎవరో నాకుతున్నారని అక్క తేల్చుకుంది. ఆ ఇంట్లో ఐసు చూస్తే నోరూరేది చెల్లెలికే. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు.

ఒకసారి అనుమానం మొదలైతే ప్రతిదీ సాక్ష్యంగానే కనిపిస్తుంది. ఒక ఉదయం గిన్నె మీద బిగుతుగా మూత ఉంది.

"ఇది నీ పనే కదూ?"

"అవును. చేపల వాసన పడుతుందని పెట్టాను."

"అంటే చెయ్యి పెట్టినట్టు ఒప్పుకున్నావన్నమాట!"

"మూత మీదే పెట్టానక్కా, ఐసు మీద కాదు."

"అబ్బో, లాయరమ్మా!"

ఇకపై తలుపు తీయగానే వడగల్లు కనబడాలని అక్క మూత తీసేసింది. అప్పటి నుంచి అది ఇంకా త్వరగా చిక్కిపోసాగింది. దాంతో ఆమె అనుమానం కాస్తా నమ్మకమైంది. పిచ్చుకే దొంగని నాన్నకూ చెప్పేసింది. పిచ్చుక దిండును గది బయట పెట్టి, "ఒప్పుకునేదాకా హాల్లోనే పడుకో" అంది.

చీకటంటే హడలిపోయే పిచ్చుక హాల్లో దీపం ఆర్పకుండా రాత్రి గడిపింది. తెల్లవారగానే వచ్చి, "సరే, నేనే నాకాను. ఇప్పుడు లోపలికి రానా?" అంది.

అక్క ఒప్పుకోలును కూడా అనుమానించే మనిషి. "రుచి ఎలా ఉంది?"

పిచ్చుక కాసేపు ఆలోచించి, "తియ్యగా" అంది.

వడగల్లు గడ్డకట్టిన వాన నీరే, తియ్యగా ఉండదు. పిచ్చుక దాన్ని రుచే చూడలేదు. మరి వడగల్లు ఎటు పోతోంది?

అక్క ఒకే ట్రేలోంచి రెండు ఐసు ముక్కలు తీసి, ఒకదాన్ని బిగుతు మూత ఉన్న డబ్బాలోనూ, రెండోదాన్ని మూత లేని డబ్బాలోనూ వడగల్లు పక్కనే పెట్టింది. ఫ్రీజరు తలుపుకు టేపు అంటించి, దానిమీద సంతకం చేసింది. సంగతి తేలేదాకా పిచ్చుక పడక హాల్లోనే అంది.

"ఇది వంటిల్లా, పోలీస్ స్టేషనా?" అని అమ్మ విసుక్కుంది.

సెలవులు ముగిసే ముందు చూస్తే టేపు చెక్కుచెదరలేదు. మూత ఉన్న ముక్క దాదాపు అలాగే ఉంది. మూత లేనిది సగమైంది, డబ్బాలో చుక్క నీరు లేదు. వడగల్లు శనగగింజంత మిగిలింది.

అమ్మ కుట్టిన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అక్క చెప్పింది విని, ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుంది.

"ఈ చొక్కా మీద చల్లిన నీళ్ళు ఏమయ్యాయి?"

"ఆవిరై గాలిలో కలిశాయి."

"ఐసూ అంతే. ముందు నీళ్ళుగా మారాలని రూలేం లేదు. నెమ్మదిగా, నేరుగా ఆవిరైపోగలదు. ఆ ఫ్రీజరు గోడ మీది తెల్లటి నూగు చూశావా? గాలిలో కలిసిన ఆవిరి చల్లటి గోడకు తగిలి మళ్ళీ మంచుగా మారింది. మూత ఉంటే ఆవిరి బయటికి పోలేదు, అందుకే ఆ ముక్క నిలిచింది."

అక్క ముఖం వాడిపోయింది. వడగల్లును కాపాడిన మూత పిచ్చుక పెట్టింది. దాన్ని తీసేసింది తాను.

ఆమె హాల్లోకి వెళ్ళి, "లోపలికి రావే" అంది.

పిచ్చుక సోఫా మీంచి కదల్లేదు. "రాను. నేను దొంగనని నాన్నకు చెప్పావుగా? కాదని చెప్పు. గట్టిగా."

నాన్న స్నానం చేస్తున్నాడు. అక్క స్నానాలగది తలుపు దగ్గర నిలబడి గొంతెత్తింది. "నాన్నా! పిచ్చుక నాకలేదు!"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "ఏమిటీ? ఎవర్ని?"

"ఇంకోసారి చెప్పు. ఆయనకు వినపడలేదు" అంది పిచ్చుక, దిండు చంకన పెట్టుకుని లేస్తూ.